మాసికల కోటుకు మహా గిరాకీ

ఆ కోటుకు ఎడమవైపు ఛాతీ మీది జేబు వంకరగా ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు దర్జీ చెయ్యి జారిందేమో అనుకుంటారు. కావాలనే అలా కుట్టారు. కొండల్లో, బురదలో మోటార్ సైకిల్ మీద పోయేవాడు కుడి చేత్తో చటుక్కున మ్యాపు తీసి చూసుకోవాలి. జేబు నిటారుగా ఉంటే మణికట్టు మెలి తిప్పాలి. ఏటవాలుగా ఉంటే చెయ్యి తిన్నగా లోపలికి దూరుతుంది. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సౌత్ షీల్డ్స్ ఊళ్లో బార్బర్ కుటుంబం 1936లో తయారుచేసిన మైనపు గుడ్డ కోటు అది. కంపెనీ పెట్టిన పెద్దాయన మనవడు డంకన్ బార్బర్‌కు బైకులంటే పిచ్చి. ఆరు రోజుల పాటు సాగే ఓ అంతర్జాతీయ బైకు పోటీని మనసులో పెట్టుకుని దానికి ‘ఇంటర్నేషనల్’ అని పేరు పెట్టాడు. 1964లో తూర్పు జర్మనీలోని ఎర్‌ఫర్ట్‌లో జరిగిన ఆ పోటీకి అమెరికా జట్టుతో కలిసి వచ్చిన హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ ఒంటి మీదా ఈ కోటే ఉంది.

ఇదే రకం కోటు ఇవాళ కొత్తది షోరూములో దొరుకుతుంది. అయినా యాభై, అరవై ఏళ్ల కిందటిదే కావాలని పట్టుబట్టి వెతికేవాళ్లు లండన్ నుంచి టోక్యో దాకా ఉన్నారు. వాళ్లు అడిగే గుణాలు వినండి. మోచేతుల దగ్గర రంగు వెలిసి ఉండాలి. కాలరు మీది నూగు రాలిపోయి ఉండాలి. జేబు అంచు నలిగి ఉండాలి. ముళ్లకంచెకు తగిలి చిరిగిన చోట మాసిక పడి ఉండాలి. ఇంజనాయిలు మరక ఉంటే ఇంకా మంచిది. ఇవన్నీ ఉన్నందుకు ధర తగ్గదు సరికదా, పెరుగుతుంది.

పాత బట్టలు మూటగట్టి, వీధిలోకొచ్చే స్టీలు సామాన్లవాళ్లకు వేసి, గంటసేపు బేరమాడి ఓ గిన్నె తీసుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇదంతా వింతగానే ఉంటుంది. పండగంటే కొత్త బట్టకు పసుపు పెట్టి కట్టుకోవడం మన ఆనవాయితీ. ముక్కూ మొహం తెలియనివాడెవడో పాతికేళ్లు తొడిగి వదిలేసిన కోటుకు డబ్బు పోయడమేమిట్రా అని అమ్మమ్మ అడిగితే చాలామంది మనవల దగ్గర సమాధానం ఉండదు. ఫ్యాషన్ అంటే ఆమె ఒప్పుకోదు. చరిత్ర అంటే అసలే ఒప్పుకోదు.

ఈ మోజంతా పాతదనం మీద అని అనుకుంటాం గానీ, పాతదనం ప్రతి గుడ్డకూ అచ్చిరాదు. ప్లాస్టిక్ పూత పూసిన వానకోటును పదిహేనేళ్లు బీరువాలో ఉంచి తీస్తే లోపలి పూత పొరలు పొరలుగా రాలుతుంది, చేతికి జిగురు అంటుతుంది. దాన్ని చూసి ఎవరూ ముచ్చటపడరు. మాసిక వేయడానికి వీలున్న బట్టకే మాసిక అందం. బ్రిటన్ వానల్లో, కొండల్లో, సముద్రం మీద పనిచేసుకునేవాళ్లకోసం ఒక శతాబ్దం పాటు తయారైన బట్టల్లో ఆ వీలు ఉంది. నా మటుకు నాకు ఆకర్షణంతా అక్కడే ఉంది.

చేపనూనెతో మొదలై

తడిసిన తెరచాప గాలిని గట్టిగా పట్టుకుంటుంది. కానీ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. తెరచాప నావల కాలంలో నావికులు అందుకే దానికి చేపనూనె, కొవ్వు పట్టించేవారు. చిరిగిపోయిన తెరచాప ముక్కలను పారెయ్యకుండా భుజాలకు కప్పుకుంటే వాన లోపలికి దిగదని కూడా వాళ్లే కనిపెట్టారు. తర్వాత చేపనూనె స్థానంలోకి అవిసె నూనె వచ్చింది. కంపు తగ్గింది గానీ చలికి గుడ్డ అట్టలా బిగుసుకునేది, రోజులు గడిచేకొద్దీ పసుపెక్కేది. జాలర్ల వానకోట్లు ఇప్పటికీ పసుపు రంగులో కనబడుతున్నాయంటే దాని మూలం ఆ నూనెలోనే ఉంది. 1930ల్లో నూలుగుడ్డకు పారఫిన్ మైనం పట్టించే పద్ధతి కుదిరాక అసలు కథ మొదలైంది. మైనం గుడ్డను బిగుసుకుపోనివ్వదు, పసుపెక్కనివ్వదు. కరిగిపోతే మళ్లీ పూసుకోవచ్చు. ఆ మళ్లీ పూసుకోవచ్చునన్నదే కీలకం. స్కాట్లండ్‌లోని డండీలో 1864లో మొదలైన హేలీ స్టీవెన్సన్స్, లాంకషైర్ వైపు రోచ్‌డేల్‌లో 1880లో మొదలైన బ్రిటిష్ మిల్లరెయిన్ ఇప్పటికీ ఈ గుడ్డకు మైనం పట్టిస్తూ ఉన్నాయి.

స్కాట్లండ్‌లోని గాలోవే ప్రాంతం నుంచి వలసొచ్చిన జాన్ బార్బర్ 1894లో సౌత్ షీల్డ్స్ మార్కెట్‌లో దుకాణం తెరిచాడు. టైన్ నది సముద్రంలో కలిసే చోటది. రేవు కూలీలు, జాలర్లు, ఓడ సరంగులు ఆయన ఖాతాదారులు. 1908లో ఆయన కొడుకు మాల్కమ్ క్యాటలాగు అచ్చువేసి పోస్టులో సరుకు పంపడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో ‘అర్సులా’ అనే జలాంతర్గామి కెప్టెన్ జార్జ్ ఫిలిప్స్ బార్బర్ వారి ఒకే ముక్కగా ఉండే బైకు సూటును చూసి, దాన్నే రెండు భాగాలుగా మార్చి తన సిబ్బందికి కుట్టించాడు. బైకువాడి కోటు సముద్రం అడుగుకూ వెళ్లిందన్నమాట. పొలం గట్ల మీదికి దాన్ని రప్పించిన మనిషి మాత్రం మార్గరెట్ బార్బర్. ఆవిడ చిత్రలేఖనం టీచరు. 1968లో భర్త హఠాత్తుగా చనిపోతే కంపెనీ భారం నెత్తిన పడింది. పని నేర్చుకుని, 1980లో గుర్రపు స్వారీవాళ్లకోసం ‘బీడేల్’ కోటు తెచ్చారు. జీను మీద కూర్చుంటే కోటు ముడతపడకుండా వెనక రెండు చీలికలు పెట్టారు. కొద్దికాలానికే వచ్చిన ‘బ్యూఫోర్ట్’కు వీపు కింది భాగంలో అడ్డంగా పెద్ద సంచిజేబు ఉంటుంది. వేటాడిన పక్షులను అందులో వేసుకోవడానికి.

ఈ గుడ్డ పాతబడే తీరు చూడ్డానికి కాస్త తీరిక కావాలి. కొత్త కోటు ఒళ్లంతా ఒకటే ముదురాకుపచ్చ. తొడగడం మొదలుపెట్టాక శరీరం వేడికి మైనం మెత్తబడి కదులుతుంది. మోచెయ్యి వంగే చోట గీతలు తేలతాయి. గీతల గట్ల మీద రంగు వెలిసి, లోతుల్లో నిలుస్తుంది. భుజం మీద వెలిసిన పట్టీలాంటి మచ్చ ఉంటే అక్కడ తుపాకి బెల్టో, సంచి పట్టో దశాబ్దాల పాటు రాసుకుందని అర్థం. ఒక జేబు అంచు మాత్రమే అరిగిపోతే ఆ మనిషి చెయ్యి ఎప్పుడూ అందులోనే ఉండేదన్నమాట. వీపు జేబు లోపల నల్లగా ఎండిన మరక కుందేలుదో, నెమలికోడిదో. చేతి అంచులు ముందు మడతల దగ్గర తెల్లబడి, తర్వాత పోగులు లేస్తాయి. లోపలి గళ్ల లైనింగు చంక దగ్గర మొదట చిరుగుతుంది. దాన్ని ఇంట్లో కుట్టారా, కంపెనీకి పంపి కుట్టించారా అన్నది దారం చూస్తే తెలిసిపోతుంది. ఒకే మనిషి తొడిగిన కోటు, చేతులు మారిన కోటు ఒకేలా ఉండవు. బాగా చూడటం తెలిసినవాడికి ఇదంతా చదువుకునే కాగితం. ఇలాంటి కోటును ఏ ఫ్యాక్టరీ తయారుచెయ్యలేదు. అందుకే అరుదు.

బార్బర్ కంపెనీ 1921 నుంచీ కోట్లను బాగుచేసి ఇస్తోంది. ఇప్పుడు కూడా ఏటా వేలాది కోట్లు మరమ్మతు కోసం సౌత్ షీల్డ్స్‌కు వస్తాయి. చేతి అంచులు మార్చడం, జిప్పు మార్చడం, చిరుగుకు అదే గుడ్డతో మాసిక వెయ్యడం అక్కడివాళ్ల నిత్యకృత్యం. రాణి ఎలిజబెత్ కొత్తది ఇస్తామన్నా వద్దని, తన పాత కోటుకే మైనం పట్టించుకున్నారని ఓ కథ ప్రచారంలో ఉంది. అది ఎంతవరకు నిజమైనా, బ్రిటిష్‌వాళ్లు ఆ కథను చెప్పుకునే ఉత్సాహం మాత్రం నిజం.

నీళ్లు తగిలితే ఉబ్బే దారం

మైనం లేకుండానే వానను ఆపిన గుడ్డల్లో ముందు రెండింటి గురించి చెప్పాలి. రెండింటికీ లాంకషైర్ పత్తి మిల్లుల తెలివే పెట్టుబడి. లాబ్రడార్ మంచుతీరంలో వైద్యం చేస్తున్న మిషనరీ డాక్టర్ విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ తేలిగ్గా ఉండి గాలిని ఆపే గుడ్డ ఎవరైనా నేస్తే బాగుండునని అన్నాడు. బర్న్‌లీ మిల్లు యజమాని వాల్టర్ హేథార్న్‌త్వైట్ పట్టుబట్టి 1923లో నేశాడు. ఈజిప్టు పత్తి, చదరపు అంగుళానికి 600 పోగులు. డాక్టరు పేరే గుడ్డకు పెట్టారు. 1930ల్లో ఎవరెస్ట్ యాత్రలకు గాలి ఆపే సూట్లు ఈ గుడ్డతోనే కుట్టారు. ఆ కాలపు గ్రెన్‌ఫెల్ కోటు లేబుల్‌తో సహా బతికి బట్టకట్టి కనబడితే సేకర్తలు నిద్రపోరు.

రెండోది వెంటైల్. దీని పుట్టుక యుద్ధం. ఉత్తర సముద్రాల్లో సరుకు ఓడల వెంట రక్షణగా వెళ్లే హరికేన్ యుద్ధవిమానాలను ఓడ మీంచి విసిరినట్టు గాల్లోకి వదిలేవారు. తిరిగి దిగడానికి ఓడ మీద చోటుండదు. పని ముగిశాక పైలట్ సముద్రంలో దూకాల్సిందే. ఆ చన్నీళ్లలో మనిషి నిమిషాల్లో పోతాడు. మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పొడవు పింజ పత్తిని చాలా దగ్గరగా నేసి ఓ గుడ్డ తయారుచేశారు. మామూలుగా ఉన్నప్పుడు దాని సందుల్లోంచి చెమట ఆవిరి బయటికి పోతుంది. తడిస్తే దారం ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఆ సూటుతో పైలట్‌కు దాదాపు ఇరవై నిమిషాల ఆయువు దొరికిందంటారు, పడవ వచ్చి పట్టుకోవడానికి సరిపడా. యుద్ధం అయ్యాక ఆ గుడ్డ పర్వతారోహకులకు, ధ్రువ యాత్రికులకు చేరింది. 1950ల నాటి వెంటైల్ కోటు చేత్తో పట్టుకుంటే మామూలు నూలుబట్టలా ఉంటుంది. వేసుకుని నడిస్తే చప్పుడు చెయ్యదు. పక్షులను గమనించేవాళ్లకు దాని మీద ప్రేమ అందుకే. ఇవాళ్టి ప్లాస్టిక్ కోట్లు అడుగడుక్కీ గరగరలాడతాయి.

పాత బట్టలు పనికిరానివని ఎగతాళి చేసేవాళ్లకు జార్జ్ మలోరీ సమాధానం. 1924లో ఎవరెస్ట్ మీద మాయమైన ఆయన దేహం 1999 మే 1న, సుమారు 8,150 మీటర్ల ఎత్తులో దొరికింది. కనుగొన్నవాళ్లు ముందు ఆయన సహచరుడు ఇర్విన్ అనుకున్నారు. కాలరు దగ్గర కుట్టిన పేరు పట్టీ చూశాకే మలోరీ అని తేలింది. గోడల్మింగ్ అనే చిన్న ఊరి బట్టల దుకాణం లేబుల్ కూడా ఉంది. అంతకుముందు దాకా ఫొటోలు చూసి, వీళ్లు పిక్నిక్‌కు వెళ్లినట్టు ముతక ఉన్ని ట్వీడు కోట్లతో ఎవరెస్ట్ ఎక్కబోయారని నవ్వేవారు. బట్టలను పొర పొరగా పరీక్షించి, అచ్చం అలాంటివే నేయించి, 2006లో ఎవరెస్ట్ వాలుల మీద వేసుకుని చూశారు. పట్టు, నూలు, ఉన్ని పలుచటి పొరలు, పైన గాబర్డీన్ కోటు. తేలిగ్గా ఉన్నాయి, చెయ్యి పైకెత్తితే పట్టెయ్యడం లేదు, వాతావరణం బాగున్నంతవరకు వెచ్చగానూ ఉన్నాయి. రాత్రి చిక్కుబడితే మాత్రం బతకనిచ్చే బట్టలు కావు.

ఆ గాబర్డీన్ బేసింగ్‌స్టోక్‌లో థామస్ బర్బరీ 1879లో కనిపెట్టింది. నేసేముందే నూలుకు నీరంటని గుణం పట్టించి బిగువుగా నేస్తారు. ఇవాళ బర్బరీ పేరు వినగానే విమానాశ్రయం దుకాణాలు గుర్తొస్తాయి. కానీ ధ్రువ యాత్రికులు అముండ్సెన్, షాకిల్టన్ మంచులో తొడిగింది ఆ గుడ్డే.

మన పాఠకులకు చెప్పాల్సిన ముచ్చట ఇంకొకటుంది. 1922 ఎవరెస్ట్ యాత్రకు జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రవేత్త బెలూన్ గుడ్డలో బాతు ఈకల నూగు కూరి కుట్టించిన బొద్దు కోటు వేసుకొచ్చాడు. తోటివాళ్లు నవ్వారు. చలికి వణుకుతున్నప్పుడు నవ్వు ఆగిపోయింది. ఈనాడు ఎవరెస్ట్ ఎక్కే ప్రతివాడి ఒంటి మీదా ఉన్నది ఆ కోటు వారసత్వమే. ఆ ఫించ్ స్వతంత్ర భారతదేశంలో, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు 1950ల్లో డైరెక్టర్‌గా పనిచేశాడు.

ఎందుకు మిగల్లేదు?

లక్షల సంఖ్యలో తయారైన బట్టలు ఎందుకింత అరుదయ్యాయి? పని బట్టలను దాచుకోవాలని ఎవరికీ తోచదు. చిరిగేదాకా వేసుకుంటారు, చిరిగాక బండి తుడుస్తారు. ఉన్ని బట్టల సంగతి మరీ ఘోరం. యార్క్‌షైర్‌లోని బాట్లీ ఊళ్లో బెంజమిన్ లా అనే ఆయన 1813లో పాత ఉన్ని గుడ్డలను చీల్చి, పీచు చేసి, మళ్లీ నూలు వడికే పద్ధతి కనిపెట్టాడు. బాట్లీ, డ్యూస్‌బరీ మిల్లులు ఒక శతాబ్దానికి పైగా దేశదేశాల పాత ఉన్ని కోట్లను మింగేశాయి. మిగిలినవాటి మీద యుద్ధం పడింది. 1941 జూన్ నుంచి 1949 మార్చి దాకా బ్రిటన్‌లో బట్టలకు రేషన్. ఉన్నవే మరమ్మతు చేసుకోండని ప్రభుత్వం కరపత్రాలు పంచింది. తాత కోటును కత్తిరించి మనవడికి నిక్కరు కుట్టిన రోజులవి. కొక్కేలకు వేలాడి బతికిపోయినవాటిని చిమ్మటలు కొట్టాయి. రబ్బరు పూసిన మెకింతోష్ కోట్లు తమంతట తామే బిగుసుకుని పగిలిపోయాయి.

కాబట్టి దొరికిన కోటు వయసు తేల్చడమే ఓ విద్య అయింది. బార్బర్ కోటైతే లేబుల్ మీది రాజముద్రలు లెక్కపెడతారు. రాణి భర్త డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో 1974లో, రాణి 1982లో, అప్పటి యువరాజు చార్లెస్ 1987లో కంపెనీకి గుర్తింపు ఇచ్చారు. ముద్ర లేకపోతే 1974కు ముందుది. ఒకటుంటే 1974–82 మధ్యది. రెండుంటే 1982–87 మధ్యది. మూడుంటే ఆ తర్వాతది. జిప్పు మీది అక్షరాలు, టిచ్ బటన్ల మీది పేరు, లైనింగు గళ్ల రంగు కూడా సాక్ష్యం చెబుతాయి. జిప్పు మార్పించి ఉంటే సాక్ష్యం తారుమారు. ‘సాల్వే జిప్పర్’ లాంటి పాత మోడళ్లు, ముద్రల్లేని ‘గేమ్‌ఫెయిర్’, స్టోక్ ఆన్ ట్రెంట్‌లో 1924లో మొదలైన బెల్‌స్టాఫ్ వారి తొలి ‘ట్రయల్‌మాస్టర్’లు... ఈ పేర్లు వింటే కొందరి కళ్లు మెరుస్తాయి.

డ్యూకు, కావలివాడు

ఇంతవరకు చెప్పింది గుడ్డ గొప్పదనం. ఈ మోజులో నాకు నచ్చని సంగతి కూడా ఒకటుంది.

బ్రిటిష్ పాత కులీనుల్లో కొత్త బట్టలు తొడగడం నామోషీ. కొత్తగా డబ్బు చేసినవాడే తళతళలాడతాడని వాళ్ల లెక్క. చినిగిన కోటుతో తిరిగే జమీందారును ఎవరూ బీదవాడనుకోరు. వెనకాల కోట కనబడుతూనే ఉంటుంది కదా! రాజు చార్లెస్ అతుకులేసిన కోట్లు, బూట్లు దశాబ్దాలుగా వేసుకుంటున్నారని పత్రికలు మురిసిపోతాయి. 1982లో లండన్ ఉన్నతవర్గపు అలవాట్ల మీద వ్యంగ్యంగా వచ్చిన ‘స్లోన్ రేంజర్ హ్యాండ్‌బుక్’ తర్వాత మైనపు కోటు ఊరి పని బట్టగా కాక నగరంలో హోదా గుర్తుగా మారిపోయింది. పంటపొలం మొహం చూడనివాళ్లు కూడా బురద కోటుతో రెస్టారెంట్లకు వచ్చారు.

అదే కోటు ఎస్టేటు కావలివాడి ఒంటి మీదా ఉండేది. ఆయన మాసిక వేసుకున్నది కొత్తది కొనే స్తోమత లేక. ఇప్పుడు ఆ కోటును ‘అసలైన గేమ్‌కీపర్ కోటు’ అని ముద్రవేసి పెద్ద ధరకు అమ్ముతారు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఆయన చెమటకు విలువ కట్టారు, డబ్బు మాత్రం వ్యాపారికి చేరింది.

ట్వీడు కథలోనూ ఇదే చిక్కుముడి. స్కాట్లండ్ కొండల్లో వేట ఎస్టేట్లు తమ కొండల రంగుకు సరిపోయే ట్వీడు డిజైన్లు నేయించుకునేవి. నాచు, రాయి, ఎండుగడ్డి రంగులు కలిసిన ఆ గుడ్డ వేసుకుని కావలివాళ్లు కొండలో కలిసిపోయేవారు. కంటికి ఎంతో ఇంపు. కానీ ఆ కొండలు అంత ఖాళీగా ఎందుకున్నాయని అడిగితే, గొర్రెల కోసం రైతు కుటుంబాలను ఊళ్లకు ఊళ్లే తరిమేశారన్న జవాబు వస్తుంది. హారిస్ ట్వీడుది కొంత నయమైన కథ. 1840ల్లో బంగాళాదుంప తెగులుతో స్కాట్లండ్‌లోని ఔటర్ హెబ్రిడీస్ ద్వీపాల్లో కరువు వచ్చినప్పుడు లేడీ డన్‌మోర్ అనే భూస్వామిని ఆడవాళ్లు నేసిన గుడ్డకు ధనికుల ఇళ్లలో గిరాకీ తెచ్చిపెట్టింది. ఇవాళ 1993 నాటి చట్టం ప్రకారం, ఆ ద్వీపాల్లోనే రంగు వేసి వడికిన ఉన్నిని, ద్వీపవాసులు తమ ఇళ్లలో చేత్తో నేస్తేనే ఆ పేరు వాడాలి. మిల్లులో నేస్తే ఆ పేరు చెల్లదు. తెలంగాణ, రాయలసీమ కురుమల గొంగడి కప్పుకున్నవాళ్లకు ఈ గుడ్డ వెంటనే అర్థమవుతుంది. గుచ్చుకుంటుంది, బరువుంటుంది, వానలో నిలబెడుతుంది, మనిషి కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. మన గొంగడికి ఇలాంటి చట్టం ఒకటుంటే బాగుండేది.

అరుగుదలకు అచ్చు

ఈ బట్టల విలువను మొదట గట్టిగా పసిగట్టినవాళ్లలో జపానువాళ్లు ముందుంటారు. న్యూకాజిల్ డిజైనర్ నైజెల్ కాబోర్న్ దశాబ్దాలుగా పాత సైనిక, పర్వతారోహణ బట్టలు వేల సంఖ్యలో పోగేశారు. వాటి కోతను చూసి కొత్తవి కుడతారు. ఆయనకు సొంత ఊరికన్నా టోక్యోలోనే ఆదరణ ఎక్కువ. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయం 2016లో మగవాళ్ల బట్టల కోసమే ఓ ఆర్కైవ్ పెట్టింది. విద్యార్థులు అక్కడ కోటును తిరగేసి, కుట్టు లోపలి వైపు చూసి నేర్చుకుంటారు. రాజుల పట్టుబట్టలే మ్యూజియంలో ఉండాలన్న పాత లెక్క మారినందుకు సంతోషించాలి.

గిరాకీ పెరిగాక నకిలీ రావడం ఎంతసేపు? కొత్త కోటును రుద్ది, నలిపి, వెలిసినట్టు చేసి అమ్మేవి ఇప్పుడు కుప్పలు. జీన్సు ప్యాంట్లకు ఈ జబ్బు ముందే పట్టింది. ఇసుకను వేగంగా కొట్టి గుడ్డను వెలవెలబోయేలా చేసే పనిలో ఆ ధూళి పీల్చి కార్మికుల ఊపిరితిత్తులు చెడిపోయాయి. టర్కీ 2009లో ఆ పద్ధతిని నిషేధించాల్సి వచ్చింది. ఎవరో ఊపిరి పోగొట్టుకుంటే మనకు వచ్చే పాతదనం మీద నాకు ఏ గౌరవమూ లేదు. పాతది కావాలంటే నిజంగా పాతదే కొనుక్కోవాలి. లేదా కొత్తది కొని ఇరవై ఏళ్లు ఓపిక పట్టాలి. రెండో దారే నిజానికి చవక.

కొనాలనుకుంటే

హైదరాబాద్, విజయవాడ ఎండల్లో మైనపు కోటు పనికిరాదు. మైనం మెత్తబడి సోఫాకు, కారు సీటుకు అంటుకుంటుంది. ఇంట్లోవాళ్ల చేత చీవాట్లు తప్పవు. బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల సంగతి వేరు. అక్కడి దాదాపు ప్రతి ఊరి మెయిన్ రోడ్డులో, సేవాసంస్థలు పాత వస్తువులు అమ్మే చారిటీ షాపులుంటాయి. ఆక్స్‌ఫామ్ సంస్థ తన తొలి దుకాణాన్ని 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో తెరిచింది. పెద్ద నగరాల్లో మంచి సరుకు ముందే వ్యాపారులు ఎత్తుకుపోతారు. పల్లెలకు దగ్గరగా ఉన్న చిన్న ఊళ్లలో వెతకండి. న్యూకాజిల్‌లో ఉన్నవాళ్లైతే మెట్రో ఎక్కితే సౌత్ షీల్డ్స్‌లోనే దిగవచ్చు.

కొనేముందు వాసన చూడండి. మైనం వాసన పరవాలేదు, బూజు వాసన వస్తే వదిలేయండి, అది పోదు. చంక దగ్గర, భుజం కుట్టు దగ్గర గుడ్డను రెండు చేతులతో మెల్లగా లాగండి. కాగితంలా పర్రుమంటే గుడ్డ చచ్చిపోయిందని అర్థం. ఎంత అందంగా ఉన్నా మాసిక నిలవదు. చేతి అంచులు, లైనింగు, జిప్పు పోయినా దిగులు లేదు, అవి మార్పించుకోవచ్చు. ఇంటికి తెచ్చాక వాషింగ్ మెషీన్‌లో మాత్రం వెయ్యకండి. వేడినీళ్లు, సబ్బు తగిలితే మైనం మొత్తం పోతుంది. చన్నీళ్లలో ముంచిన స్పాంజితో తుడిస్తే చాలు. ఏడాదికోసారి మైనం డబ్బాను వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించి, పాతగుడ్డతో కుట్ల వెంట రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపించి, రాత్రంతా వేలాడదీయండి.

కొన్నాక బీరువాలో పెట్టి ఫొటోలు తీసుకోవడమే మీ ఉద్దేశమైతే ఆ కోటును దుకాణంలోనే వదిలేయండి. బయట ఉద్యోగం వెతుక్కుంటూ వానలో తిరిగే మరో కుర్రాడికి అది పనికొస్తుంది.